ఊరంతా దిగిన కయ్య

ఆదివారం కాని రోజు చర్చి గంట మోగితే మా ఊళ్లో ఎందుకని ఎవరూ అడగరు, ఎవరని మాత్రం అడుగుతారు. ఆ పొద్దున నేను పశువులకు గడ్డి వేస్తుండగా గంట వినపడింది. ఎదురింటి ఆమె వాకిట్లోకి వచ్చింది. నా వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంక అడగాల్సిన పని లేకపోయింది. మా వదిన పోయింది. టీ పెట్టుకుందామని పొయ్యి ముందర కూర్చుని, అలాగే గోడకు ఆనుకుని ఉండిపోయిందట. మేము పోయేసరికి గిన్నెలో నీళ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

జ్ఞాపకార్థ కూడికలో పాస్టరు గారు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. "మా వదిన" అన్నాను. కూర్చున్నాను. నలుగురిలో మాట్లాడడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. ఆమె ఉన్నన్నాళ్లూ నా తరఫున కూడా ఆమే మాట్లాడేది. ఆ రోజు నోటికి రానిది ఇక్కడ రాస్తున్నాను. మా ఊరు తెలియనివాళ్లు కూడా చదువుతారు కాబట్టి కొంచెం వెనక నుంచి చెప్పాలి.

మాది ఉదయగిరి కొండ కనిపించే ఊరు. ఆఫీసుల పని పడితే ఆత్మకూరు పోతాం. సోమశిల డ్యాం నీళ్లు ఆత్మకూరు దిగువ పొలాలకు పారతాయి గానీ మా ఎత్తుకు ఎక్కవు. పైకాలువ వస్తుందని చాలా ఏళ్లుగా వింటున్నాం. వచ్చేదాకా మాకు చెరువే దిక్కు. కార్తీకంలో వానలు గట్టిగా పడితే చెరువు నిండుతుంది. ఆ ఏడు ఎవరి కయ్య వాళ్లు నాటుకుంటారు. వరి పండే మడిని మేము కయ్య అంటాం. వానలు మొహం చాటేసి చెరువు సగానికే ఆగిన ఏడే చిక్కు. తూము పక్కనున్న కయ్యలు తడుస్తాయి, కడగొట్టు కయ్యలకు నీళ్లు చేరవు.

దానికి మా పెద్దలు ఒక పద్ధతి పెట్టుకున్నారు. దామాషా అంటాం. చెరువు సగం నిండిన ఏడు, ఎవరి నేల వాళ్లదన్న మాటను ఆ ఒక్క పంటకు పక్కన పెడతారు. ఉన్న నీళ్లు కోతల దాకా ఎంత నేలకు సరిపోతాయో కట్ట మీద నిలబడి తేల్చుకుంటారు. తూము కింద అంతవరకే తడుపుతారు, మిగిలిందంతా బీడు. తడిపిన నేలనే తాడు పట్టి, చెరువు కింద భూమి ఉన్న ప్రతి ఇంటికీ వాటా ప్రకారం పంచుతారు. కౌలు ఉండదు. గడ్డి మాత్రం నేల గలవాళ్లకు వదలాలి. కోత కాగానే ఎవరి నేల వాళ్లది.

మా తాత మిషన్ బడిలో పంతులుగా చేసి కొన్న నేల తూము నోటి దగ్గర కొంత, కడగొట్టున కొంత. చీట్లు వేసుకుంటే తూము దగ్గరిది మా అన్నకు వచ్చింది, కడగొట్టుది నాకు వచ్చింది. అన్న పోయాక పట్టా వదిన పేరు మీదికి మారింది. దామాషా ఏడు వచ్చిందంటే ముందుగా నలుగురి కాళ్లూ పడేది ఆమె కయ్యల్లోనే.

వదిన పుట్టిల్లు కలువాయి వైపు మెట్ట ఊరు. కాపురానికి వచ్చిన కొత్తల్లో చెరువు చూసి, "ఇన్ని నీళ్లు పెట్టుకొని మీరెందుకు మామా కొట్లాడుకుంటుండారు?" అని మా నాయనను అడిగింది. కోడలు మామను ఎదురుగా నిలబడి అడగడం అప్పట్లో మా ఇంట్లో లేదు. మా నాయన నవ్వి, "నీళ్లుండబట్టేమ్మా" అన్నాడు. ఆ జవాబు ఆమెకు నచ్చింది. ముసలిదయ్యాక కూడా చెప్పి చెప్పి నవ్వుకునేది.

ఎండైనా మబ్బైనా చేతిలో ఒక నల్ల గొడుగు ఉండేది. దాన్ని విప్పగా నేను చూసింది తక్కువ. గెనెం మీద, అంటే కయ్య గట్టు మీద నడిచేటప్పుడు ఊతానికి, కుక్కలను అదిలించడానికి, ఎవరినైనా చూపించి తిట్టడానికి వాడేది. కలుపు తీస్తూ పాటలు పాడేది. ఏ కీర్తనైనా రెండో చరణం నుంచి ఎత్తుకునేది. అదేమని అడిగితే, "మొదటిది అందరికీ వచ్చు గదా, దాన్ని నేనెందుకు పాడాల?" అనేది. ఎంత పెద్ద ఆఫీసరు ఎదురైనా దండం పెట్టక ముందే, "అన్నం తిన్నావా నాయనా?" అని అడిగేది. అడిగితే వాళ్లు ఏమనుకుంటారో అని నాకు సిగ్గేసేది. ఆమెకు మాత్రం దాని వెనక ఒక లెక్క ఉంది. "ఆకలి మీదుండే మనిషిని న్యాయం అడగబాక అబ్బయ్యా, దొరకదు" అనేది. నన్ను అబ్బయ్యా అని పిలిచేది.

ఇప్పుడు ఆ ఏటి సంగతి చెబుతాను. అంతకు ముందు వరసగా వానలు బాగా పడి దామాషా అన్న మాటే కుర్రకారుకు తెలియకుండా పోయింది. తర్వాత ఒక ఏడు చెరువు సగానికే ఆగింది. వదినే అందరినీ కట్ట మీదికి పిలిచి పాత పద్ధతి గుర్తుచేసింది. తాడు పట్టాం, పంచుకున్నాం, నాట్లు వేశాం. పైరు కూడా చక్కగా లేచింది.

అయితే మా పెద్దల కాలంలో లేని పని ఒకటి ఇప్పుడు ఉంది. ఎవరు ఏ నేలలో ఏ పంట వేశారో ప్రభుత్వం ఫోన్లో ఎక్కిస్తుంది. ఈ-క్రాప్ అంటారు. అందులో పేరుంటేనే కొనుగోలు కేంద్రంలో మద్దతు ధరకు వడ్లు తీసుకుంటారు. వానకు పంట పడిపోతే పరిహారమైనా, బీమా అయినా ఆ పేరుకే వస్తుంది. మంచి ఏర్పాటే. పండించకుండానే పండించామని చెప్పేవాళ్లకు దాంతో అడ్డుకట్ట పడింది.

రైతు కేంద్రంలో పనిచేసే అమ్మాయి మొహానికి చున్నీ చుట్టుకుని స్కూటీ మీద వచ్చింది. జలదంకి వైపు పిల్ల. "అందరూ ఎవరి పొలంలో వాళ్లు నిలబడండి, ఫొటో తీయాల" అని చెప్పింది.

మేము ఎవరి పొలంలో వాళ్లం నిలబడ్డాం.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. నాట్లు వేసిందేమో తూము కింద వదిన కయ్యల్లో. ఫొటోకు నిలబడిందేమో కడగొట్టున, పల్లేరు మొలిచిన సొంత బీట్లో. పరాయి నేలలో నిలబడి ఫొటో దిగితే అది మాదని చెప్పుకున్నట్టు అవుతుందని మాకు జంకు. దామాషాలో మొదటి మర్యాద అదే మరి, పంట నీది గానీ నేల నీది కాదు. ఒకరితో ఒకరం అనుకోలేదు. అయినా అందరం అదే చేశాం. నేనైతే తలకు చుట్టిన తువ్వాలు సర్దుకుని మరీ నిలబడ్డాను. ఆ అమ్మాయి ఫోను చూసింది, నా కాళ్ల కింద చూసింది.

"పైరు ఏది తాతా?"

"ఆడ ఉండాది" అని తూము వైపు చూపించాను.

"ఆడ ఎవురి పొలం?"

"మా వొదినది."

"మరి నీ పొలం?"

"ఇదే."

ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది? చూసింది చూసినట్టు ఎక్కించింది. ఊళ్లో ముక్కాలు మంది రైతులు ఆ ఏడు ఫోన్లో బీడు పెట్టినవాళ్లయ్యారు. కోతలయ్యాక కొనుగోలు కేంద్రానికి బస్తాలు తోలుకుపోతే మా పేర్లు లేవన్నారు. "పంట వెయ్యనోళ్లకి వొడ్లు యాడియి?" అని అడిగారు. అడిగినదాంట్లో తప్పు లేదు. బండ్లు వెనక్కి తిప్పుకుని, దళారి చెప్పిన ధరకే పోసి ఇంటికి వచ్చాం.

మరుసటి ఏడూ చెరువు సగమే. ఈసారి కట్ట మీద మాటలు వేరుగా వచ్చాయి. వదిన నేలను ఆనుకునే ఒక పెద్ద రైతు పొలం ఉంది. పైకయ్యల ఆసామి అంటాం ఆయన్ను. ఊళ్లో ఏ తగవైనా, ఏ పార్టీవాళ్లు వచ్చినా ముందు ఆయన గడపే తొక్కుతారు. ముందుగా ఆయనే నోరు తెరిచాడు.

"దామాషా గీమాషా ఇంక కుదరదమ్మా. కొత్తగా సర్వే రాళ్లు నాటి పోయినారు. ఇప్పుడు నా నెంబర్లో ఇంకోడి పేరు ఎక్కిందనుకో, రేపు వాడు నాదే అంటే నేను యాడ తిరగాల?"

కడగొట్టువాళ్లు ఇంకో రకంగా విసుక్కున్నారు. "పండించి దళారికి పోసేదానికి ఇంత యాతనెందుకు? ఎవురి నీళ్లు వాళ్లయి. తూము కాడోళ్లు తడుపుకోండి, మేం నెల్లూరు పనికి పోతాం."

వదిన గొడుగును రెండు చేతులతో నేలకు ఆనించి పట్టుకుంది. ఆమె భయం నాకు అర్థమైంది. ఈ ఏడు దామాషా తప్పితే ఇంక ఎప్పటికీ ఉండదు. తూము దగ్గర నాలుగిళ్లు పచ్చగా ఉంటాయి, మిగతా ఊరు ఇళ్లకు తాళాలు వేసుకుని పోతుంది. గెనేలు తెగ్గొట్టుకోవడాలు, పోలీసు కేసులు మొదలవుతాయి. పక్క ఊళ్లలో అలా అయింది కూడా.

"నీళ్ల మీద ఎవురి పేరు రాసుండాదిరా?" అంది చివరికి. "పైనోడు తాగి కిందోడికి పంపాల. ఆ మాట తప్పితే ఇది చెరువు గాదు, గుంట." తర్వాత నా వైపు తిరిగింది. "అబ్బయ్యా, సోమవారం ఆత్మకూరు పోదాం పా."

సోమవారాలు ఆర్డీవో ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు. బస్సులో కూర్చున్నాక, "ఆఫీసరు ముందర నువ్వేం మాట్లాడబాక" అని నాతో చెప్పింది. నాకు నవ్వొచ్చింది.

"ఏంది, నవ్వుతుండావు?"

"నేనెప్పుడు మాట్లాడినా వొదినా?"

"అందుకే చెప్తుండా. ఈ రోజు మొదలుపెడతావేమోనని."

ఆఫీసు నిండా రైతులే. పగటి పూట కరెంటు కావాలని ఒకరు, కంది విత్తనాలు అదును దాటాక వచ్చాయని ఒకరు, అడవి పందులు మినుము పైరును దున్నేశాయని ఒకరు. వదిన అందరి కష్టమూ అడిగి అడిగి విన్నది. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె ఆఫీసరు ముందర నిలబడి అడగనే అడిగింది.

"అన్నం తిన్నావా నాయనా?"

ఆయన తలెత్తాడు. "ఇంకా లేదమ్మా."

"అట్టయితే తొందరగా చెప్తా" అని దామాషా అంటే ఏమిటో, ఫొటోలకు మేము ఎక్కడ నిలబడ్డామో చెప్పింది. ఫొటోల దగ్గరికి వచ్చేసరికి ఆయన నవ్వాపుకోలేకపోయాడు. మేమూ నవ్వాం. తర్వాత ఆయన కుర్చీలో ముందుకు జరిగి, "మీరు చెప్పింది నాకు అర్థమైందమ్మా. కానీ ఈ-క్రాప్‌లో రెండే ఉన్నాయి. సొంత సాగు, కౌలు సాగు" అన్నాడు.

"మాది రెండూ గాదు. కౌలంటే నేనేమన్నా తీసుకోవాల గదా. మూడోది పెట్టండి."

"అది నా చేతిలో లేదు. పైకి రాస్తాను. ఎప్పటికి వస్తుందో చెప్పలేను."

"రాయండి. వచ్చేదాకా మేం ఏం జేయాల?"

ఆయన ఓపికగా చెప్పాడు. నేల గలవాళ్లు ఒప్పుకుని సంతకం పెడితే, సాగు చేసేవాళ్లకు కౌలు కార్డు ఇస్తారు. ఆ హక్కు పంట మీదే గానీ భూమి మీద కాదు. గడువు తీరితే చెల్లదు. కార్డు ఉంటే పంట వాళ్ల పేరునే ఎక్కుతుంది. "కానీ సంతకం పెట్టడానికి నేల గలవాళ్లు భయపడుతున్నారమ్మా. అదే వస్తున్న చిక్కు" అన్నాడు.

"కాగితంలో తప్పుంటే కాగితాన్ని దిద్దుకోవాల నాయనా, కయ్యను గాదు. సరే, ఈ ఏటికి కౌలనే అనుకోండి. నేను పెడతా. మీరు మాత్రం పైకి రాసేది మర్చిపోబాకండి." ఆయన మా ఎదుటే రాశాడు. రాసి చదివి వినిపించాడు. బయటికి వస్తూ వదిన, "తిని పడుకోబాక, ఇంకా శానామంది ఉండారు" అని చెప్పి మరీ వచ్చింది.

ఆమె కొడుకు ఆత్మకూరులోనే మోటార్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. బస్సుకు ఇంకా టైముందని అక్కడికి పోయాం. సంగతి విని వాడు చేతిలో స్పానరు పక్కన పడేశాడు.

"అమ్మా, ఊరందరికీ కౌలు కార్డులా? ఇంక నేల పోయినట్టే."

"నేల యాడికి పోద్దిరా? బస్సెక్కను దానికి కాళ్లుండాయా?"

"నవ్వులాటగా ఉండాదా నీకు? రేపు ఎవుడన్నా అడ్డం తిరిగితే కోర్టుకు ఎవురు పోయేది?"

"నువ్వే పోవాల. నీ కోసం నేను బడి చుట్టూ తిరగలా?"

వాడు నా వైపు చూశాడు. "చిన్నాయనా, నువ్వన్నా చెప్పు."

నేను అక్కడున్న మోటారు వైపు చూశాను. వదినకు నవ్వొచ్చింది. "ఆయన్ను అడుగుతుండావా? మీ చిన్నాయనకు మాటలు విత్తనాల మాదిరి. దాచిపెట్టుకుంటాడు గానీ చల్లడు."

ఆ వారమే రైతు కేంద్రంలో కూర్చుని తన కయ్యల్లో వాటా పడిన అందరికీ సంతకాలు పెట్టింది. బైబిలు చదవడం కోసం నేర్చుకున్న అక్షరాలు ఆమెవి. ఒక్కో అక్షరం విడివిడిగా, తొందర లేకుండా రాసేది. క్రితం ఏడు ఆమె గెనెం లోపలికి జరిపినవాడు కూడా వరసలో నిలబడి ఉన్నాడు. తల వంచుకుని ఉన్నాడు. "రా, సిగ్గుపడబాక, నీకూ పెడతా" అంది. "మళ్లీ జరిపితే మాత్రం గొడుగు ఇరుగుద్ది."

ఫొటోల రోజు వచ్చింది. ఈసారి మేము తూము కిందికే పోయాం. కానీ కాళ్లు గెనెం దగ్గరే ఆగిపోయాయి. చెప్పులు విప్పి ఒడ్డున వరసగా నిలబడ్డాం. రైతు కేంద్రం అమ్మాయి ఫోను పట్టుకుని, "లోపలికి తాతా, పైరులోకి" అంటోంది. ఒక్కరూ కదలరు. వదిన గొడుగు ఎత్తింది.

"దిగండిరా! అత్తగారింటికి వచ్చిన కొత్తల్లుళ్ల మాదిరి గెనెం మీదనే నిలబడినారే! మీరు నాటిన కయ్యే గదా, దిగండి!"

ముందు నేను దిగాను. తర్వాత ఒకరొకరే బురదలో కాళ్లు పెట్టారు. వాళ్లు దిగుతుంటే వదిన ఒడ్డున కూర్చుని ఒక్కొక్కరినీ ఏదో ఒకటి అని నవ్విస్తూనే ఉంది. అందుకే ఆ ఏటి ఫొటోల్లో మా అందరి నోళ్లూ తెరుచుకునే ఉంటాయి.

పైకయ్యల ఆసామి తన గెనెం మీద నుంచి ఇదంతా చూస్తున్నాడు. కూలీలు దొరక్క ఆయన నేలలో సగానికి ఇంకా నాట్లే పడలేదు. మెల్లగా ఇటు వచ్చాడు. "ఏమ్మా, ఆ కార్డు ఒకటి చూపీ" అన్నాడు. అద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరి వరకు చదివాడు. పంట మీదే హక్కు అన్న చోట ఆగి మళ్లీ చదివాడు.

"గడువు తీరితే?"

"చెల్లదు సార్" అంది అమ్మాయి.

ఆయన కార్డు తిరిగి ఇచ్చేశాడు. మా వైపు చూడకుండా, "నాకు కూలీలు దొరకట్లా. పైకయ్యల్లోకి ఎవురన్నా రాదలుచుకుంటే రండి" అన్నాడు.

"అన్నకు మనసు మెత్తబడింది" అంది వదిన.

"మనసు గాదమ్మా, అదును దాటిపోతుండాది" అన్నాడు ఆయన. ఇద్దరూ ఒకే మాట చెప్పినట్టు నాకు అనిపించింది. మరునాడే ముగ్గురికి సంతకాలు పెట్టాడు.

ఆ ఏడు కొనుగోలు కేంద్రంలో మా పేర్లు వరసగా పిలిచారు. వదినకు అక్కడ పని లేదు. అయినా వచ్చి, కాటా దగ్గర నీడలో కూర్చుని, మా బస్తాలన్నీ లోపలికి పోయేదాకా చూసింది. కాటా వేసే అతన్ని కూడా అన్నం తిన్నావా అని అడిగింది. తిన్నానన్నాడు. "అందుకే తూకం సరిగ్గా ఉండాది" అంది.

అప్పటి నుంచి రైతు కేంద్రం అమ్మాయి ఎప్పుడు కనిపించినా, "మూడోది వచ్చిందా పాపా?" అని అడిగేది. "రాలేదవ్వా" అనేది ఆ పిల్ల. "వస్తాదిలే. మనకు వానే టయానికి రాదు, ఆఫీసు మాట ఎట్టొస్తాది?" అనేది. ఓట్లకు వచ్చిన రెండు పార్టీలవాళ్లకూ ఆమె చెప్పింది ఒకే మాట. "కొత్త పథకం వొద్దు నాయనా. ఉండే పథకంలోనే మా చెరువు పట్టేంత సందు జెయ్యండి." ఎవరినీ తిట్టేది కాదు. ప్రభుత్వమంటే ఆమెకు కోపం లేదు, ఆశ కూడా మరీ ఎక్కువ లేదు. దూరపు చుట్టాన్ని చూసినట్టు చూసేది. చెప్పుకుంటూ పోతే ఎప్పటికైనా వింటాడు, చెప్పడం మానేస్తే మనల్ని మరిచిపోతాడు, అంతే.

ఈ ఏడు మళ్లీ చెరువు సగమే అయింది. కట్ట మీదికి ఎప్పుడు పోదామా అనుకుంటున్న రోజుల్లోనే ఆమె పోయింది.

మట్టి చేసి వచ్చాక అందరి మనసులో ఉన్నది ఒకటే. పట్టా ఆమె పేరు మీద ఉంది. సంతకం పెట్టాల్సిన మనిషి లేదు. వారసుడు వచ్చి తహసీల్దారు ముందర ఒప్పుకుంటే దారి ఉందని ఆఫీసులో చెప్పారు. వారసుడంటే ఆమె కొడుకే. చావు ఇంట్లో ఆ మాట ఎలా ఎత్తడం? ఎవరూ ఎత్తలేదు. వాడే ఒకరోజు నాతో అన్నాడు.

"చిన్నాయనా, అందురూ నా మొహం చూస్తుండారు, నాకు తెలుసు. అమ్మ ఉన్నప్పుడు అమ్మ ఇష్టం. నాకా ధైర్యం లేదు. నేల అమ్ముకునేవోణ్ణి కూడా గాదు. ఊరికే భయం."

వాడు చెప్పిన దాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నిద్రపోయి లేచేసరికి ఏదో ఒక మాట దొరుకుతుందేమో అనుకున్నాను, దొరకలేదు.

కూడిక అయిన రోజు భోజనాల తర్వాత పైకయ్యల ఆసామి వచ్చాడు. వదిన కొడుకు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"అబ్బాయా, మొదట్లో నేనూ నీ మాదిరే అన్నా. తర్వాత ముగ్గురికి కార్డులిచ్చినా. గడువు తీరింది, కార్డులు చిత్తుకాగితాలైనాయి. నా నేల ఆడనే ఉండాది. పోయి చూసుకో."

"మరి దీంట్లో మనకేంది లాభం పెదనాయనా?"

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "లాభమంటే నేనేం చెప్పేది. కూలీలు దొరకని ఏడు నా కయ్యలు నాటుకున్నా. చెరువు నిండని ఏడు నా ఇంట్లోకి వొడ్లొచ్చినాయి, కడగొట్టోడి ఇంట్లోకీ వచ్చినాయి. ఊళ్లో ఒక్కడు కూడా ఒకడి గెనెం తెగ్గొట్టలా. మీయమ్మ పుణ్యాన నేను స్టేషను మెట్లెక్కలా. ఇది లాభమో కాదో నువ్వే తేల్చుకో."

వాడు, "నువ్వేమంటావు చిన్నాయనా?" అని నన్ను అడిగాడు.

అక్కడ నా బదులు మాట్లాడే మనిషి లేదు. గొంతు సవరించుకున్నాను.

"నారు పోసుకోవాల నాయనా. ఆలస్యమైతుండాది."

వాడికి నవ్వొచ్చింది. వాళ్లమ్మ పోయాక వాడు నవ్వడం అదే మొదలు. "ఇంత మాట నీ నోట ఎప్పుడూ ఇనలేదే" అన్నాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "సరే పద, మండలాఫీసుకు రేపే పోదాం. నువ్వు కూడా రావాల."

పోయాం. తహసీల్దారు ముందర వాడు చెప్పాల్సింది చెప్పాడు, సంతకాలు పెట్టాడు. రైతు కేంద్రం అమ్మాయి అక్కడే కనిపించి ఒక మాట చెప్పింది. ఆత్మకూరు నుంచి పోయిన అర్జీకి పైనుంచి కదలిక వచ్చిందట. దామాషా పద్ధతి ఎలా ఉంటుందో గ్రామసభలో తీర్మానం రాసి పంపమన్నారట. అది ఎంత దూరం పోతుందో నాకు తెలియదు. సభ పెట్టాం, రాశాం. మా వైపు ఇంకా కొన్ని ఊళ్లలో ఈ పద్ధతి ఉంది. వాళ్లనూ రాయమని చెప్పాం. ఈ చెప్పే పనిలో నేనూ రెండు ఊళ్లు తిరిగాను.

తాడు పట్టే రోజు కొడుకు షాపు మూసుకుని వచ్చాడు. తాడు ఒక కొస తనే పట్టుకుని బురదలో దిగాడు. వాడికి ఆ పని రాదు. ఎవరో ఒకరు వెనక నుంచి "ఇంకొంచెం కుడికి అబ్బాయా" అంటూనే ఉన్నారు.

నాట్లు పడి నెల కావస్తోంది. ఎవరి నారు వాళ్లది. ఒకరు ముందు పోసుకున్నారు, ఒకరు వెనక. ఒకరిది సన్న రకం, ఒకరిది ముతక రకం. వాటాల మధ్యలో గెనేలు వేయలేదు, తాడు పెట్టిన చోట ఒక సాలు ఖాళీగా వదిలారు. అందుకని వదిన కయ్యల్లో పైరు పట్టెలు పట్టెలుగా ఉంది. ఒక పట్టె లేత పచ్చ, దాని పక్కది ముదురు పచ్చ, ఆ పక్కది ఇప్పుడిప్పుడే వేరు పట్టి తేరుకుంటూ కొంచెం పసుపు. నిన్న సాయంత్రం కట్ట మీద నిలబడి చూస్తుండగా గాలి లేచింది. తూము దగ్గర మొదలైంది. ఒక పచ్చలోంచి ఇంకో పచ్చలోకి, ఎక్కడా ఆగకుండా, అందరి పైరునూ వరసగా వంచుకుంటూ చివరి దాకా పోయింది.